తోలు తీయని సగం

ఉత్తరం సంఘం పేరు మీద వచ్చింది గానీ, అందులోని తిట్లన్నీ సుల్మా తెచేరాకే.

సంఘం ప్రెసిడెంటు దోన్ ఎవరిస్తో గురువారం పొద్దున్నే పశువుల కొట్టం దగ్గరికి వచ్చాడు. వచ్చినవాడు వచ్చిన పని చెప్పకుండా, సుల్మా అందించిన మాతె ఆకు కషాయం రెండు విడతలు పీల్చి, మబ్బు పట్టిందన్నాడు, ఈ ఏడు ఈగలు మరీ ఎక్కువన్నాడు. ఇరవై రెండేళ్లుగా ఆ మనిషిని చూస్తోంది సుల్మా. ఆయన చొక్కా జేబులోంచి మడత కాగితం అంచు తొంగి చూస్తూనే ఉంది.

"ఆ జేబులోది ఏమిటో ముందు ఇటివ్వండి. ఈగల సంగతి తర్వాత మాట్లాడుకుందాం," అంది.

ఆయన నసుగుతూ ఇచ్చాడు. కబేళా నుంచి వచ్చిన ఉత్తరం. కింద ఇంజనీర్ లాబోర్దె సంతకం. మీ సంఘం నుంచి వచ్చిన ఎద్దుల మాంసం గట్టిగా ఉందని మా పరీక్షలో తేలింది, వండిన ముక్కను కత్తి యంత్రంలో పెట్టి కొలిచాం, తెగడానికి పట్టాల్సిన దానికి రెట్టింపు బలం పట్టింది, దీనికి కారణం మీ కొట్టంలో కలుపుతున్న అవిసె గింజల దాణా, విటమిన్ పొడి అని మా అభిప్రాయం. ఇకమీదట మా సంస్థ తయారుచేసే బస్తా దాణా వాడితేనే మీ పశువుల్ని తీసుకోగలం. ఇదీ సారాంశం.

సుల్మా మొదటిసారి చదివి నవ్వింది. రెండోసారి చదివి చేతిలో ఉన్న పారను నేలకేసి కొట్టింది. దడికి అవతల ఎద్దులు బెదిరి నాలుగడుగులు వెనక్కి వేశాయి.

"అభిప్రాయమట! ఈయన అభిప్రాయం ఎవడికి కావాలి? అవిసె గింజ తింటే ఎద్దు కండ గట్టిపడుతుందని ఏ పుస్తకంలో రాసుందో చూపించమనండి."

"అరవకు సుల్మా. ఆయన ఇంజనీరు."

"అయితే?"

దోన్ ఎవరిస్తో టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. ఆదివారం సంఘం విందు ఎలాగూ ఉంది కదా, భోజనాలయ్యాక ఈ విషయం ఓటుకి పెడతానన్నాడు. ఓటు దేనికంటే, సుల్మా దాణా ఆపేసి కొట్టాన్ని కబేళా పంపే మనిషికి అప్పగించడానికి.

"నిన్ను తీసేస్తున్నామని అనుకోకు."

"మరేం చేస్తున్నారు? పీట వేసి కూర్చోబెట్టి హారతిస్తారా?"

ఆయన మాతె పాత్ర తిరిగి ఇచ్చేసి, బండెక్కి వెళ్లిపోయాడు.

ఉరుగ్వేలో పాసో ఓందో అనే ఆ పల్లె చుట్టూ పదకొండు కుటుంబాలు తలా కాసిన్ని పశువుల్ని మేపుకుంటాయి; సంఘంలో ఇంటికో ఓటు. ఎవరికీ పెద్ద పొలాలు లేవు. అందుకే అమ్మే ముందు ఆఖరి వంద రోజులు అందరి ఎద్దుల్నీ సంఘం కొట్టంలో కలిపి ఉంచి బలమైన దాణా పెడతారు. ఆ దాణా సుల్మాది. జొన్న నూక, దగ్గరి బియ్యం మిల్లు నుంచి వచ్చే తవుడు, నలగ్గొట్టిన అవిసె గింజలు, చివరగా విటమిన్-ఇ పొడి. పొడి ఎక్కువేస్తే దండగ, తక్కువేస్తే పని చేయదు. వేయాల్సినంత వేస్తే మాంసం అంగడి అద్దాల వెనక రెండు రోజులు అదనంగా ఎర్రగా నిలుస్తుంది, నల్లబడదు. అవిసె వల్ల కొవ్వు మంచిదవుతుంది. ఇదంతా ఆమె వెటర్నరీ కాలేజీ వాళ్లు పెట్టిన తరగతులకి, యాభై ఏళ్లు దాటిన వయసులో, కుర్రాళ్ల పక్కన బల్ల మీద కూర్చుని నేర్చుకుంది. ఆ పొడి కోసం సంఘంతో రెండేళ్లు పోట్లాడింది. మొగుడు పోయాక ఆమెకు మిగిలింది ఆ కొట్టమే, ఆ కొట్టంలో తన మాట చెల్లడమే. ఇప్పుడు దాన్ని ఒక్క కాగితం ముక్కతో ఊడబెరుకుతామంటున్నారు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు శుక్రవారం విందు ఎద్దుని కబేళాకి తోలాలి. ఏటా ఆ పని చూసేది నికాసియో, సుల్మా మొగుడికి అన్న. డెబ్బై నిండినా నిప్పు ముందు ఆయనకి సాటి లేరు. ఆ ఏడాది ఎద్దు మచ్చలోడు. ఎర్రటి ఒంటి మీద, కుడి భుజం పైన, అరచెయ్యంత తెల్ల మచ్చ. తొట్టి దగ్గరికి అందరికన్నా ముందొచ్చి అందరికన్నా ఆఖర్న పోయే తిండిపోతు.

"నేనూ వస్తాను బావగారూ," అంది సుల్మా లారీ ఎక్కుతూ.

"గొడవ పడ్డానికా?"

"చూడ్డానికి."

"నువ్వు చూడ్డానికెళ్లి ఊరికే వచ్చిందెప్పుడు?" అన్నాడాయన, జరిగి చోటిస్తూ.

కబేళాలో పశువు సొంతదారు అద్దం వెనక నిలబడి చూడొచ్చు. అది పాత హక్కు. సుల్మా తెల్ల కోటు, టోపీ తగిలించుకుని నిలబడింది. నికాసియో ఏటా చెప్పే మాటే మళ్లీ చెప్పాడు: ఎడమ సగం ఒలవండి, కుడి సగానికి తోలు అలాగే ఉంచండి. విందులో చిన్న ముక్కలన్నీ ఒలిచిన సగంలోంచి వస్తాయి. తోలుతో ఉన్న సగం మాత్రం తోలుతోనే నిప్పుల మీదికెక్కాలి. అది లేని విందుకి పాసో ఓందోలో ఎవరూ రారు. పనివాళ్లు ఏటా తిట్టుకున్నట్టే ఈసారీ తిట్టుకున్నారు. సగం ఒలిచి సగం వదలడం వాళ్లకి రెట్టింపు పని.

సుల్మా కళ్లు మాత్రం ఇంకో చోట ఉన్నాయి. రక్తం కారిపోయిన పశువు కొక్కేనికి వేలాడుతూ ముందుకి కదిలే దారిలో ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. పశువు దానికి తగిలినప్పుడు కరెంటు షాకు పారుతుంది. ప్రాణం పోయినా కండలో బలం మిగిలే ఉంటుంది. షాకు తగిలితే కండ ఎగిరెగిరి ఆ బలాన్ని ఖర్చు చేసుకుని వదులవుతుంది. అప్పుడు చల్లబెట్టినా ఫర్వాలేదు. వదులు కాకముందే చలి తగిలిందా, కండ ముడుచుకుపోయి బిగిసిపోతుంది. ఆ తర్వాత ఎంత వండినా అది లొంగదు. తరగతుల్లో ఇదంతా బొమ్మలు గీసి మరీ చెప్పారు. ఆమె తండ్రి కసాయి. ఆయనకి బొమ్మలూ తెలియవు, కరెంటూ తెలియదు. కోసిన మాంసాన్ని సాయంత్రం దాకా చావడిలో గాలికి వేలాడదీసి, అప్పుడు మాత్రమే మంచుగదిలో పెట్టేవాడు.

ఆ కడ్డీకి ప్లాస్టిక్ సంచి చుట్టి టేపు వేశారు. టేపు మీద దుమ్ము పేరుకుంది. పశువులు దాన్ని తగలకుండానే దాటిపోతున్నాయి.

కొక్కేల దగ్గర ఒక నడివయసు ఆడమనిషి గొట్టంతో నీళ్లు కొడుతోంది. సుల్మా అద్దం మీద తట్టి, తలుపు సందులోంచి అడిగింది.

"ఎన్నాళ్లయిందమ్మా అది పాడై?"

"నన్నడక్కండి," అంది ఆమె. అంటూనే నీళ్ల గొట్టం పట్టుకున్న చేతి వేళ్లు రెండు పైకెత్తింది.

"రెండు వారాలా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

రెండు నెలలన్నమాట. ఈస్టర్ సెలవుల ముందు రద్దీ, రేవుకి పోయే లారీలు ఆవరణలో బారులు తీరి ఉన్నాయి. చంపిన ముప్పావు గంటకే, ఇంకా ఆవిర్లు కక్కుతున్న మాంసాన్ని చలిగదిలోకి తోసేస్తున్నారు. తలుపు తెరిచినప్పుడల్లా లోపలి ఫ్యాన్ల హోరు అద్దం ఇవతలికి వినిపిస్తోంది. మచ్చలోడి రెండు సగాలూ పక్కపక్కనే లోపలికి పోయాయి, ఒకటి ఒంటి మీద నూలుపోగు లేకుండా, ఇంకొకటి కోటు తొడుక్కుని. కోటు తొడుక్కున్నదాన్ని చూసి సుల్మాకి ఆ కోపంలోనూ నవ్వొచ్చింది.

లాబోర్దె ఆమెను గంటన్నర బయట బెంచీ మీద కూర్చోబెట్టి, తర్వాత లోపలికి పిలిచాడు. నలభై ఏళ్లుంటాయి. బల్ల మీద ఆ బస్తా దాణా బొమ్మ ఉన్న క్యాలెండరు.

"మీ షాకు యంత్రం రెండు నెలలుగా పని చేయట్లేదు," అంది సుల్మా, నిలబడే.

"సర్వీసింగ్‌లో ఉంది. దానికీ దీనికీ సంబంధం లేదు సెన్యోరా."

"లేకపోవడమేమిటి? పెట్టాల్సిన షాకు పెట్టరు, మాంసాన్ని వేడివేడిగా చలిలోకి తోస్తారు. అది బిగుసుకుపోతే నా దాణా మీదికి నెడతారా? సిగ్గుండాలి!"

"చూడండి, మీరు పెద్దవారు. తొట్లో ఏం పడాలో మీకు తెలుసు, కాదనను. తలుపుకి ఇవతల ఏం జరగాలో మాకు తెలుసు. మీ మాటకి రుజువుంటే తెండి. నా దగ్గర కొలతలున్నాయి."

"కొలతలు గట్టిగా ఉందని చెప్తాయి. ఎందుకుందో చెప్తాయా?"

"ఆదివారం విందుకి నన్నూ పిలిచారు మీ ప్రెసిడెంటు. అక్కడ మాట్లాడుకుందాం," అని ఆయన ఫోను ఎత్తాడు.

అక్కడ పెద్దగా ఏమీ అనలేకపోయినందుకు తిరుగు దారంతా సుల్మా తనని తాను తిట్టుకుంది. ఆ సాయంత్రమే దోన్ ఎవరిస్తో ఇంటికి వెళ్లి చూసిందంతా చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. విని, "వాళ్లది కాగితం మీదుంది సుల్మా, నీది నోటి మాట," అన్నాడు. గడప దాటుతున్న ఆమె వెనక్కి తిరిగి, "ఇరవై రెండేళ్లు నా నోటి మాట మీదే మీ ఎద్దులు తిన్నాయి," అని తలుపు ధడాలున వేసింది.

ఆదివారం యూకలిప్టస్ చెట్ల కింద బల్లలు పరిచారు. పదకొండు కుటుంబాలు, చుట్టాలు, పక్కాలు, స్కూలు టీచర్లు, అందరూ కలిసి నూట యాభై మందికి పైనే. నడి బల్ల దగ్గర దోన్ ఎవరిస్తో, ఆయన పక్కన లాబోర్దె. నికాసియో తెల్లారుజామునే తోలు ముక్కను నిప్పుల మీదికెక్కించాడు. అది మధ్యాహ్నం దాటితే గాని దిగదు. ఈలోగా ఒలిచిన సగంలోంచి పక్కటెముకలు, నడుం కండ ముక్కలు కాల్చి పళ్లేల్లో తిప్పడం మొదలుపెట్టారు.

ఎంతకీ నమలడం ఆగలేదు. మాటలు తగ్గిపోయి బల్లల పొడుగునా దవడలు కదులుతున్నాయి. సుల్మా తన ముక్క కొరికింది. సాగింది. ఇంకా నమిలింది. తోలుచెప్పు నమిలినట్టే ఉంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దుఃఖం కాదది, ఉక్రోషం.

"సుల్మా!" ఎదుటి బల్ల నుంచి ఓర్తెన్సియా అరిచింది. ఆమె వితంతువు, గట్టి మనిషి, సంఘంలో ఒక ఓటు ఆమెది. "ఏమే, ఇది ఎద్దా, ట్రాక్టరు టైరా? ఏం పెట్టావే దానికి, రబ్బరు పొడా?"

బల్లలన్నీ గొల్లుమన్నాయి.

"పాపం, విటమిన్లు ఎక్కువై వస్తాదు అయిపోయిందేమో!" అన్నాడు ఇంకెవడో.

"కత్తి వద్దు, రంపం తెండి!"

నవ్వులు ఆగాక దోన్ ఎవరిస్తో మైకు పట్టుకున్నాడు. చెట్టుకి కట్టిన లౌడు స్పీకరు కీచుమంది. కబేళా రాసింది నిజమో కాదో మీ పళ్లే చెప్తున్నాయన్నాడు. సుల్మా మీద తనకు గౌరవముందన్నాడు, కానీ కాలంతో పాటు మారాలన్నాడు, మన దాణా వల్లే ఇలా జరిగింది కాబట్టి ఇంజనీరుగారు పెద్ద మనసుతో దారి చూపిస్తున్నారన్నాడు. లాబోర్దె వినయంగా తల వంచాడు. సుల్మాకి తల కొట్టేసినట్టయింది. తన పేరు స్పీకర్లోంచి రోడ్డు దాకా వినిపించింది. ఆమె లేచి గబగబా నడిచి నిప్పుల దగ్గరికి పోయింది. అక్కడ నిలబడితే కళ్లు పొగకి మండాయని చెప్పుకోవచ్చు.

నికాసియో అప్పుడే తోలు ముక్కను దింపుతున్నాడు.

"ఏడవకు," అన్నాడు.

"ఏడవట్లేదు. ఎవర్ని కొట్టాలా అని చూస్తున్నాను."

"అయితే ముందిది తిను. కొట్టడానికి బలం కావాలిగా." ఆయన కత్తి దించాడు. కత్తి తనంతట తానే దిగిపోయింది. ఆయన ఒక్క క్షణం ఆగి, కత్తి వైపు చూసి, మళ్లీ దించాడు. కోసిన ముక్క ఆమె అరచేతిలో పెట్టాడు.

సుల్మా నోట్లో వేసుకుంది. రెండు సార్లు నమిలేసరికి కరిగిపోయింది.

"ఇది ఎవరి ఎద్దు?"

"ఎవరి ఎద్దేమిటి, మతి పోయిందా? మచ్చలోడే."

ఆమె వంగి తోలు అంచు తిప్పి చూసింది. వెంట్రుకలు కాలి నల్లబడినా, భుజం దగ్గర తెల్ల మచ్చ అంచు తెలుస్తూనే ఉంది. కొక్కెం చిల్లుకి వేలాడదీసిన కబేళా బిళ్ల కాలకుండా నికాసియో ముందే తీసి మేకుకి తగిలించాడు. దాని మీద మచ్చలోడి చెవి నంబరు, నాలుగు నాలుగు ఒకటి ఏడు. సుల్మా పరుగున వెళ్లి, ఒలిచిన మాంసం ఉన్న బల్ల కింద చెత్తబుట్ట కెలికి రెండో బిళ్ల పైకి తీసింది. నాలుగు నాలుగు ఒకటి ఏడు.

శుక్రవారం చూసి నవ్వుకున్న ఆ కోటు గుర్తొచ్చింది. అదే చలిగది, అవే ఫ్యాన్లు, పక్కపక్క కొక్కేలు. ఒలిచిన సగానికి చలి నేరుగా తగిలింది. తోలున్న సగం మెల్లగా చల్లారింది, తన తండ్రి చావడిలో మాంసం చల్లారినట్టు.

ఆమె తోలు సగంలోంచి ఇంకో నాలుగు ముక్కలు కోయించి పళ్లెంలో పెట్టుకుని, రెండు బిళ్లలూ పట్టుకుని తిన్నగా నడి బల్ల దగ్గరికి వెళ్లింది. పళ్లెం లాబోర్దె ముందు పడేసింది.

"రుజువు కావాలన్నారుగా. తినండి."

దోన్ ఎవరిస్తో ముందు తిన్నాడు. ఆయన కనుబొమలు పైకి లేచాయి. లాబోర్దె కూడా తిన్నాడు, తిని నోరు తుడుచుకున్నాడు.

"బాగుంది. ఆరేడు గంటలు సన్నని సెగ మీద ఉంచితే ఏ మాంసమైనా ఇలాగే మెత్తబడుతుంది సెన్యోరా. అది మీ బావగారి చేతి చలవ."

జనంలో కొందరు నిజమేనన్నట్టు తలలూపారు. సుల్మా పళ్లు నూరింది. మాట తప్పించుకునేవాడికి దారులెన్నో! కానీ ఆ మాటలో నిజముందని ఆమెకు తెలుసు, కాబట్టి దాన్ని కూడా మూసెయ్యాలి.

"బావగారూ! తోలు సగంలో నడుం ముక్క మిగిలిందా?"

"వంటగది ఫ్రిజ్‌లో ఉంది. సాయంత్రానికి దాచాను."

"ఇప్పుడే తెండి. తోలు ఒలిచెయ్యండి."

విందు మాంసం మీది తోలు పచ్చిగా ఒలవడం నికాసియో జన్మలో చేయని పని. ఆయన ఆమె ముఖంలోకి చూసి, కత్తి తీసుకున్నాడు. పది నిమిషాల్లో రెండు నడుం కండలు పక్కపక్కన ఉన్నాయి, ఒకటి ఎడమ సగానిది, ఒకటి కుడి సగానిది. జనం బల్లలొదిలి నిప్పు చుట్టూ మూగారు. రెంటిలోంచీ రెండు వేళ్ల మందాన చెరొక ముక్క. ఒకే ఉప్పు. ఒకే ఇనుప చువ్వల మీద, ఒకే నిప్పు మీద. స్కూలు టీచరు గడియారం పట్టుకుని నిలబడింది. ఒక పక్క ఆరు నిమిషాలు, తిప్పి ఇంకో పక్క అయిదు నిమిషాలు. ఒక పళ్లెం అడుగున బొగ్గుతో గీత గీసి, ఏది ఏదో నికాసియోకి తప్ప ఇంకెవరికీ తెలియకుండా రెండు పళ్లేలూ బల్ల మీద పెట్టారు.

"మీరే తినండి ఇంజనీరుగారూ. మీ కత్తి యంత్రం ఇంటి దగ్గరే వదిలేసొచ్చారుగా."

"నాకు కడుపు నిండిపోయింది," అన్నాడు లాబోర్దె.

"అయ్యో, అప్పుడేనా? అయితే ప్రెసిడెంటుగారు తింటారు. ఓటు పెట్టేది ఆయనే కదా."

దోన్ ఎవరిస్తో మొదటి పళ్లెంలోంచి ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. నమిలాడు, మింగాడు, బాగుందన్నట్టు తలూపాడు. రెండో పళ్లెంలోంచి ఇంకొకటి. నమిలాడు. ఇంకా నమిలాడు. ముఖం ఎర్రబడింది. టక్కుమని చప్పుడైంది. ఆయన గబుక్కున చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగాడు. పైపళ్ల కట్టు ఊడి మాంసంతో సహా రుమాలులోకి వచ్చేసింది.

ఎవరూ నవ్వకూడదనుకున్నారు. ఓర్తెన్సియాకే ముందు ఆగలేదు.

నికాసియో రెండో పళ్లెం ఎత్తి అడుగు చూపించాడు. గీత లేదు. "ఒలిచిన సగం," అన్నాడు.

సుల్మా మైకు లాక్కుంది. తన పేరుని రోడ్డు దాకా ఈడ్చింది ఆ మైకే.

"వినండి! ఎద్దు ఒకటి, దానికి నోరు ఒకటి, అది తిన్న తొట్టి ఒకటి. ఎడమ పక్కన ఒక దాణా, కుడి పక్కన ఇంకో దాణా తిందా అది? నా అవిసె గింజ కండని గట్టిపరిస్తే రెండు పక్కలూ గట్టిపడాలిగా! ఒక పక్కకే ఎందుకు పట్టింది? నేను చెప్తాను. ఒక పక్కకి తోలుంది, చలి మెల్లగా పట్టింది. ఇంకో పక్కని ఒలిచేసి, వేడి ఆరకముందే ఫ్యాన్ల కింద పడేశారు. అలా చేసేట్టయితే ముందు షాకు పెట్టాలి. ఆ యంత్రం రెండు నెలలుగా సంచి కప్పుకుని పడుకుంది. నేను కళ్లారా చూశాను. కాదనమనండి ఈయన్ని!"

అందరూ లాబోర్దె వైపు తిరిగారు.

"విడిభాగం రావాలి," అన్నాడాయన మెల్లగా. "ఆర్డరు పెట్టాం."

"విడిభాగం రాకపోతే మాంసాన్ని మెల్లగా చల్లార్చొచ్చుగా?"

"లారీలు ఆగవు కదా..."

"లారీలు ఆగవు, నా పేరైతే మట్టిలో కలిసినా ఫర్వాలేదు! మీ యంత్రం పాడైందని రాయడానికి చేతులు రాలేదు, సుల్మా దాణా పాడని రాయడానికి మాత్రం వచ్చాయి. పనిలో పనిగా మీ బస్తాలు కూడా అమ్ముకుందామనుకున్నారు. థూ!"

లాబోర్దె కుర్చీ వెనక్కి జరిగింది గానీ ఆయన లేవలేదు. దోన్ ఎవరిస్తో పళ్లు సర్దుకుని ముందుకొచ్చాడు. ఆయనకి గొడవ ఎలాగైనా సద్దుమణిగితే చాలు.

"సరే, సరే. తేలిపోయింది. సుల్మాయే కొట్టం చూసుకోవాలి, ఆమె దాణాయే కొనసాగాలి అనేవాళ్లు చేతులెత్తండి."

పదకొండు చేతులూ ఒక్కసారిగా లేచాయి. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో అకార్డియను కోసం కేకేశారు. విందు మళ్లీ మొదలవబోతోంది.

"ఆగండి," అంది సుల్మా. "నేనడిగింది ఈ ఓటు కాదు."

చప్పట్లు తగ్గాయి.

"మంగళవారం మన అరవై ఎద్దుల కోసం లారీలు వస్తున్నాయి. ఆ యంత్రం పని చేసేదాకా, ఆ ఉత్తరం తప్పని ఇదే స్పీకర్లో ఈయన చెప్పేదాకా, ఒక్క ఎద్దు కూడా లారీ ఎక్కదని ఓటెయ్యండి."

దోన్ ఎవరిస్తో ఆమె చెవి దగ్గరికొచ్చాడు. స్పీకరు ఆ గుసగుసని కూడా అందరికీ వినిపించింది. "అతి చెయ్యకు సుల్మా. నీ పని నీకుంది కదా. నూట ఇరవై కిలోమీటర్ల లోపు ఇంకో కబేళా లేదు. వాళ్లతో పెట్టుకుంటే మనం బతకాలా వద్దా?"

"చేతులెత్తండి!" అంది సుల్మా, ఆయనకేసి చూడకుండా.

ఒక్క చెయ్యి లేవలేదు. కొందరు గ్లాసుల్లోకి చూశారు, కొందరు పిల్లల్ని మందలించసాగారు. ఆమెకు లోపల్నుంచి మంట లేచింది. తనని గెంటెయ్యడానికి గురువారం నుంచే సిద్ధంగా ఉన్న చేతులివి. క్షణం క్రితం తనని ఉంచడానికి గాల్లోకి ఎగిరిన చేతులివి. ఇప్పుడు వీటికి బరువొచ్చిందా?

"నా మీదికైతే ఎంత తేలిగ్గా లేచాయిరా మీ చేతులు!" ఆమె మైకులో అరిచింది. "ఒక ఆడది, మొగుడు లేనిది, దాణా కలుపుకునేది, దాన్ని తిట్టడానికి నూట యాభై మంది. ఈయన తప్పుని ఈయనకి చెప్పడానికి పదకొండు మందిలో ఒక్కడు లేడు! టైరని నవ్వారు కదా, రేపు ఊరూరా మన మాంసం తిన్నవాళ్లు కూడా అదే అంటారు. ఈయన్నేం అనరు, పాసో ఓందో ఎద్దులు పనికిరావంటారు. నవ్వండి, ఇప్పుడు నవ్వండి!"

నికాసియో తమ ఇంటి ఓటుగా కొవ్వు జిడ్డుతో ఉన్న చెయ్యెత్తాడు, కత్తితో సహా. వెనక బల్లల నుంచి వేరు కాపురాల ఇద్దరు అన్నదమ్ములు ఒకర్నొకరు చూసుకుని ఎత్తారు. తర్వాత ఒక ముసలాయన. కాసేపు ఆగి ఇంకొకరు. అయిదు. ఆరు కావాలి. దోన్ ఎవరిస్తో రెండు చేతులూ రుమాలు చుట్టూ బిగించి నేలకేసి చూస్తున్నాడు. లాబోర్దె గొంతు సవరించుకుని, "తొందరపడకండి, మీకే నష్టం," అన్నాడు.

"నష్టం సంగతి నువ్వు మాకు చెప్తావేమయ్యా?" ఓర్తెన్సియా గొంతు. ఆమె లేచి నిలబడింది. సుల్మా వైపు చూడకుండా, ఎవరి మీదో కోపమున్నట్టు, చెయ్యి విసురుగా పైకెత్తింది. "ఆ టైరు మాట అన్నది నేను. పళ్లు నొప్పెట్టాయి, నోటికొచ్చింది అనేశాను. రాసుకోండి, ఆరు."

లాబోర్దె ఎవరికీ చెప్పకుండా కారెక్కి వెళ్లిపోయాడు. దోన్ ఎవరిస్తో ఓటు కోసం తెచ్చిన ఆ ఉత్తరం బల్ల మీదే ఉండిపోయింది. సుల్మా దాన్ని తీసి, తెల్ల మచ్చ ఉన్న తోలు ముక్కకి రెండు బిళ్లలతో కలిపి మేకు కొట్టింది. మంగళవారం లారీ వాళ్లు వచ్చేసరికి అది కొట్టం గేటు మీద ఉండాలి, తాళం వేసిన గొలుసు పక్కన.

ఓర్తెన్సియా ఆమె పక్కకొచ్చి నిలబడింది, ఏదో అనబోయింది. సుల్మా జరిగి చోటివ్వలేదు. క్షమించే ఓపిక ఆమెకు ఆ రోజు లేదు.

పొద్దున్నుంచి కడుపునిండా ఏమీ తిన్లేదని అప్పుడు గుర్తొచ్చింది. నడి బల్ల మీద ఆమె లాబోర్దె ముందు పడేసిన పళ్లెం ఇంకా అలాగే ఉంది. అందులో తోలు సగం ముక్క ఒకటి మిగిలింది. గంట దాటింది, గాలికి కొవ్వు తెల్లగా పేరుకుంది. సుల్మా నిలబడే నోట్లో వేసుకుని, కోపంగా నమిలింది. చల్లారిపోయినా మెత్తగానే ఉంది.